చెవిలో మంత్రం, కొండమీద కేక

మహాశివరాత్రి తిరునాళ్లకు కోటప్పకొండ ఎక్కేవాళ్లలో ‘నమశ్శివాయ’ అనే పంచాక్షరి దీక్ష తీసుకున్నవారు ఎందరుంటారో గానీ, ‘చేదుకో కోటయ్యా, చేదుకోవయ్యా’ అనని గొంతు మాత్రం ఉండదు. బావిలోంచి బిందెను చేదినట్టు తమను పైకి లాక్కోమని వేడుకోలు. నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభ కట్టుకొచ్చే రైతుకు ఏ గురువూ ఆ మాట ఉపదేశించలేదు. చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి విన్నాడు, తనూ అరిచాడు, అంతే.

చిత్రమేమంటే, ఇంత కేకల మధ్య కొలువైనవాడు నోరు విప్పని గురువు. కోటయ్య అని పిలుచుకునే త్రికోటేశ్వరుణ్ణి, మౌనంగానే బోధించే దక్షిణామూర్తి స్వరూపంగా కొలుస్తారు. బ్రహ్మచారి కనుక ఇక్కడ స్వామికి కల్యాణం కూడా చేయరు.

శాస్త్రం దారి వేరు. పంచాక్షరి కృష్ణయజుర్వేదంలోని రుద్రం ఎనిమిదో అనువాకంలో ఉంది. శైవదీక్షలో గురువు దాన్ని శిష్యుడి చెవిలో చెబుతాడు. మంత్రం గుట్టుగా ఉండాలన్నది నియమం. అయితే ఎవరి చెవికి ఆ అర్హత ఉంది? అసలు పేచీ అక్కడే మొదలైంది. గురువు గోష్ఠీపూర్ణుల దగ్గర పొందిన మంత్ర రహస్యాన్ని రామానుజులు తిరుక్కోట్టియూరు గుడి గోపురమెక్కి అందరికీ చాటారని వైష్ణవులు చెప్పుకునే కథ ఈ పేచీకే జవాబు.

పన్నెండో శతాబ్దంలో ఆ గాలి పల్నాటికీ సోకింది. మాచర్లలో చెన్నకేశవుణ్ణి కొలిచిన బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడనీ, మాల కన్నమదాసును సేనానిని చేశాడనీ పల్నాటి వీరగాథ. గురజాలలో అతని ప్రత్యర్థి నాగమ్మది శివభక్తి. వారి మధ్య జరిగిన పల్నాటి యుద్ధాన్ని శైవ వైష్ణవాల పోరుగా మాత్రమే చూడటం నాకు నచ్చదు. రాజ్యం, కోడిపందెం, పంతం కూడా ఉన్నాయి కదా. కానీ పక్కపక్కన విస్తరి వేయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

మూడు శతాబ్దాల తరవాత పంజాబులో గురునానక్ (1469–1539) ఇదే ముడి విప్పాడు. చెవిపోగులు, విభూతి వేషాలున్న నాథయోగులతో ఆయన వాదం ‘సిద్ధ గోష్ఠి’గా నిలిచింది. 1604లో గురు అర్జన్ కూర్చిన ఆదిగ్రంథానికి మొదట మూలమంత్రం నిలిచింది, దాని తొలిమాట ‘ఇక్ ఓంకార్’: పరమాత్మ ఒక్కడే. సిక్కుల గురుమంత్రం ‘వాహెగురు’. అమృత దీక్షలో పంజ్ ప్యారేలు అనే ఐదుగురు దాన్ని ఉపదేశిస్తారు, అయినా దీక్ష లేనివారూ గొంతెత్తి అనవచ్చు. కొందరు ఊపిరి పీలుస్తూ ‘వాహె’, వదులుతూ ‘గురు’ అంటూ స్మరిస్తారు. మన యోగుల అజపాజపానికి ఇది దగ్గరి చుట్టం. 1969లో అమెరికాలో యోగి భజన్ సంస్థ పెట్టి ‘సత్ నామ్’ను కుండలినీ యోగంలో కలిపినప్పుడు మాత్రం చాలామంది సిక్కులు మండిపడ్డారు. నానక్ కాదన్న యోగమార్గాన్నే ఆయన పేరుతో దొడ్డిదారిన తెస్తున్నారన్నది వారి కోపం.

తెలుగు నేలకు ‘వాహెగురు’ మంత్రం యోగం ద్వారా కాదు, సైన్యంతో వచ్చింది. 1832లో నిజాం దివాన్ చందూలాల్ అడిగితే మహారాజా రణజిత్ సింగ్ లాహోరు నుంచి హైదరాబాదుకు పంపిన సేనలోని వారి సంతతి దక్కనీ సిక్కులుగా ఇక్కడే స్థిరపడింది. వారి గురుద్వారాల్లో ‘వాహెగురు’ పలికే గొంతులు బయటికొచ్చి తెలుగూ మాట్లాడతాయి. అక్కడి లంగరులో, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనంలో, ఎవరైనా సరే, నేల మీద వరసలో కూర్చునే తినాలి. మాచర్ల నుంచి వెళ్లినవారికి అదేమీ కొత్త ఆచారంగా తోచదు.