పని పోయిన శునకము

కుక్కకు విసుగు పుట్టునా యని యడిగినచో కొందఱు నవ్వుదురు. దాని పూర్వచరిత్ర నెఱిగినవారు నవ్వరని నా నమ్మకము.

పశ్చిమచాళుక్య చక్రవర్తియగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. నేటి కరీంనగర ప్రాంతమగు సబ్బినాడు ఆ కాలమున వారి సామ్రాజ్యములోనిదే. ఆ గ్రంథమున రాజవినోదములను వర్ణించుచోట సారమేయవినోదమని యొక ప్రకరణము కలదు. వినోదమను పేరు రాజును బట్టి పెట్టినది. వాసన పట్టి పరుగిడుట కుక్కకును వినోదమే కదా!

మన ఓదెల మల్లన్ననే మహారాష్ట్రులు జేజూరిలో ఖండోబాయని కొలుతురు. ఆ దేవుని వెంట కుక్క యుండుట రెండుచోట్లను ప్రసిద్ధము. మల్లన్నను కొలుచు కురుమలకును గొల్లలకును మంద కాచు కుక్క యింటి మనిషి వంటిది. రాత్రియెల్ల తోడేలు జాడకు చెవులు నిక్కించుకొని యుండుట దాని కొలువు. పగలు అలసి నిదురించును. అట్టిదానికి విసుగెక్కడిది?

ఆదిలాబాదు అడవులలో గోండులకును కోలాములకును కుక్క వేటతోడు. నిజాము ప్రభుత్వము అడవులను రిజర్వు చేసిన కొలది వారి పోడును వేటయు కుంచించుకొని పోయెను. 1940లో జోడేఘాట్ కడ కొమురం భీము ప్రాణమర్పించిన పోరాటమునకు ఈ అడవి హక్కులే మూలము. పిమ్మట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించెను. 2012లో కవ్వాల పులుల అభయారణ్యమయ్యెను. చట్టమును నేను తప్పుపట్టను. కాని మనిషి జీవనము మాఱినంత వేగముగ కుక్క ముక్కు మాఱలేదు.

నేడు రామగుండము క్వార్టర్లలో, కరీంనగరపు మేడలలో గొలుసునకు కట్టువడిన కుక్క పగలెల్ల మొఱుగును, చెప్పులు కొఱుకును, పూలకుండీలు త్రవ్వును. దానికి పొగరని కొట్టుదురు. మృగశాలలలోని జంతువులను పరిశీలించిన స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు హెడిగర్ 1942లోనే బంధింపబడిన ప్రాణికి తిండి వలెనే పనియు కావలెనని వ్రాసెను.

ఆ పని కల్పించుటకు ఖర్చేమియు లేదు. నాకు తెలిసిన యొక యింటివారు జొన్నరొట్టె ముక్కలను పాత గోనెసంచి మడతలలో దాచి, వెదకుకొమ్మని కుక్క ముందు వేసిరి. సాయంకాలము నడకకు తీసికొనిపోయినపుడు ప్రతి చెట్టు మొదలును వాసన చూడనిచ్చిరి. మొదటినాడు ఆ గోనెసంచితోనే దానికి అరగంట గడచెను. పిమ్మట అది గుమ్మము కడ కాళ్లు బారజాపుకొని, వీథిలో బండ్లు పోవుచున్నను తలయెత్తక నిదురించెను.