మామిడి కొమ్మ మోసిన కబురు

తెలుగువారి గుమ్మానికి మామిడాకుల తోరణం శుభసూచకం. గోదావరికి ఉత్తరాన బస్తర్ అడవులలో 1910లో అదే మామిడి కొమ్మ తిరుగుబాటుకు పిలుపైంది.

ఓరుగల్లు కాకతీయుల సంతతివారమని చెప్పుకొన్న రాజులు ఏలిన సంస్థానం బస్తర్. ఆంగ్లేయుల హయాంలో దానిపై పర్యవేక్షణ రాయపూర్‌లోని పొలిటికల్ ఏజెంటుది. 1909లో ఛత్తీస్‌గఢ్ సంస్థానాల గెజిటీరు వెలువడింది. ఆ ప్రాంతాన్ని గురించిన సమాచారమంతా గ్రంథస్థమైనదని ప్రభుత్వం భావించి ఉండవచ్చు. మరుసటి ఏడాదే అడవి భగ్గుమన్నది.

కారణాలు అంతకు ముందు నుంచే పేరుకొని ఉన్నవి. 1905లో అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేసి, పోడు సేద్యాన్నీ, వేటనూ, ఫలసేకరణనూ నిలిపివేయాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. 1899-1900లోనూ, 1907-08లోనూ భయంకరమైన కరవులు వచ్చినవి. వీటికి శిస్తుల పెంపు, వెట్టిచాకిరి తోడైనవి. కరవు కాలంలో గిరిజనునికి చెట్టే ధాన్యాగారం. తూర్పు కనుమల గిరిజనులలో మామిడి పండు తిన్న తరువాత టెంకలోని జీడిని సైతం ఎండబెట్టి, పొడిచేసి, అంబలి కాచుకొనే అలవాటు ఉన్నది. అటువంటి బ్రతుకులో అడవికి కంచె వేయడమంటే నోటి ముందరి ముద్దను లాగివేయడమే.

మామిడి కొమ్మ, మట్టిపెళ్ల, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి చేరినవి. మిరపకాయలు కట్టిన కొమ్మను 'డారా మిరి' అన్నారు. ఏ ఋతువులోనైనా పచ్చగా ఉండే చెట్టు గనుక ఈ పనికి అది తగినదే. చదువు రానివారికి కూడా ఆ ఉత్తరం అర్థమైంది.

ఫిబ్రవరిలో సంతలు దోపిడికి గురైనవి. అధికారుల, వర్తకుల ఇండ్లు, పోలీసు ఠాణాలు, పాఠశాలలు దగ్ధమైనవి. దోచిన ధాన్యాన్ని జనం పంచుకొన్నారు. 'భూమ్‌కాల్' అని పేరుపడిన ఈ ఉద్యమంలో నేతానార్ గ్రామవాసి గుండాధుర్ పేరు నేటికీ నిలిచి ఉన్నది. అణచివేతకు మే వరకు సమయం పట్టినా, ఆయన మాత్రం పట్టుబడలేదు. రిజర్వు పనులు కొంతకాలం ఆగినవి. రిజర్వు విస్తీర్ణం మొదట తలపెట్టినదానిలో దాదాపు సగానికి తగ్గింది.

2000లో రాయపూర్ ఛత్తీస్‌గఢ్ రాజధాని అయింది. చిన్నతరహా అటవీ ఫలసాయంపై గిరిజనుల హక్కును పార్లమెంటు 2006లో చట్టబద్ధం చేసింది. చట్టాన్ని అమలుపరచేవారు దస్త్రాలతో పాటు ఆ కొమ్మ చెప్పిన మాటను కూడా చదువుకోవలసి ఉన్నది.