హైదరాబాద్ వైద్యవిద్య: దవాఖానా నుంచి ఊళ్లోకి

హైదరాబాద్ మెడికల్ స్కూల్ 1846లో, నిజాం నాసిరుద్దౌలా కాలంలో పుట్టింది. రెసిడెన్సీ సర్జన్ విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ దానికి మూలపురుషుడు. పాఠాలు ఉర్దూలో చెప్పేవారు, చదువు ముగించినవారికి హకీం పట్టా ఇచ్చేవారు. పాశ్చాత్య వైద్యాన్ని దేశభాషలో నేర్పడం ఆ కాలానికి గొప్ప సాహసం. అయితే పల్లెల్లో వినిపించే తెలుగుకు ఆ తరగతిలో చోటు లేదు. గోలకొండకు పడమరనున్న కోకాపేటలాంటి ఊళ్ల రైతులు నగరంలోని అఫ్జల్‌గంజ్ దవాఖానాకు వెళ్లినా రోగులుగానే వెళ్లేవారు.

తలుపు మొదట తెరుచుకున్నది స్త్రీలకు. పరదా పాటించే ఇళ్లలో మగ వైద్యుడు రోగిని తాకి చూడటమే కష్టం. 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చిన ఎడ్వర్డ్ లారీ ఆడపిల్లలను బడిలో చేర్చుకున్నాడు. వారిలో పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్జీ 1889లో హకీం పట్టా పొందింది. గుడ్డమీద క్లోరోఫాం చుక్కలు వేస్తూ, రోగి నాడి కన్నా ఊపిరినే కనిపెట్టి ఉండాలన్నది లారీ పద్ధతి. ఆ పని చేతబట్టిన రూపాబాయిని ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా చెబుతారు.

కులం విషయంలో మార్పు చాలా ఆలస్యమైంది, అదీ కోర్టుల మీదుగా వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో వైద్య, ఇంజనీరింగ్ సీట్ల పంపకంపై వచ్చిన చంపకం దొరైరాజన్ తీర్పు ఫలితంగా, వెనుకబడిన వర్గాలకు సీట్లు కేటాయించే వీలు కల్పిస్తూ 1951లో రాజ్యాంగానికి తొలి సవరణ జరిగింది. ఆంధ్రప్రదేశ్ 1966లో ప్రకటించిన వెనుకబడిన కులాల జాబితా 1968లో పి. సాగర్ కేసులో సుప్రీంకోర్టు ముందు నిలబడలేదు. వెనుకబాటుకు ఆధారాలు చూపలేదన్నది కోర్టు అభ్యంతరం. ఆ లోటు తీర్చింది అనంతరామన్ కమిషన్. దాని నివేదిక ఆధారంగా 1970లో వెనుకబడిన కులాల ఎ, బి, సి, డి వర్గాలకు కలిపి 25 శాతం సీట్లు కేటాయించారు. ఎంబీబీఎస్ అభ్యర్థులు దీన్నీ సవాలు చేశారు, హైకోర్టు ఆ కేటాయింపును కొట్టేసింది. 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు సమర్థించాకే అది నిలిచింది.

ఈ తీర్పు విలువ తెలియాలంటే ఎ వర్గం జాబితా చూడాలి. అందులో నాయీబ్రాహ్మణులున్నారు, రజకులున్నారు. ఊళ్లో కురుపు కోసి కట్టు కట్టిందీ, మంత్రసానిగా పురుడు పోసిందీ తరతరాలుగా ఎక్కువగా ఇలాంటి కులాలవారే. చేతిలో వైద్యం ఉన్నా బడిలో చోటు లేనివారి పిల్లలకు తెల్లకోటు దక్కే దారి ఇక్కడ ఏర్పడింది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను ఆయా ప్రాంతాల స్థానికులకు కేటాయించడంతో తెలంగాణ విద్యార్థులకూ భరోసా కలిగింది.

ఎవరు చదవాలన్నది ఇలా మారుతుండగా, ఎక్కడ నేర్చుకోవాలన్న ప్రశ్న నత్తనడకన సాగింది. వైద్యుడికి సమాజం కూడా తెలియాలని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. ఆ ఆలోచనతోనే కళాశాలల్లో సామాజిక వైద్య విభాగాలు వచ్చాయి. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌కు వారసురాలైన ఉస్మానియా వైద్య కళాశాల విద్యార్థులకు పటాన్‌చెరు గ్రామీణ శిక్షణ కేంద్రమైంది. 1977లో కేంద్రం ఒక్కో కళాశాలకు మూడేసి బ్లాకుల బాధ్యత అప్పగించే పథకం తెచ్చింది కానీ, ఆశించినంత లోతుకు అది దిగలేదు. నాలుగు రోజులు బస్సులో వెళ్లొచ్చినంత మాత్రాన ఊరు అర్థం కాదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన కుటుంబ దత్తత కార్యక్రమం ఆ లోపాన్ని గుర్తించింది. విద్యార్థి మొదటి ఏడాది నుంచే మూడు నుంచి ఐదు కుటుంబాలను ఎంచుకుని, వాళ్ల బీపీ, రక్తహీనత, పిల్లల ఎదుగుదల చూస్తూ ఏళ్లతరబడి వెంట ఉండాలి.

ఇప్పుడు ఊరే మారిపోయింది. 2023 ఆగస్టులో నియోపొలిస్ భూముల వేలంలో కోకాపేట ఎకరం వంద కోట్లు దాటింది. అక్కడి టవర్లు కట్టేది ఒడిశా, బిహార్ లాంటి రాష్ట్రాలనుంచి వచ్చిన కూలీలు. పని ముగియగానే మకాం మార్చే ఈ కుటుంబాలు, స్థిరమైన పల్లెను ఊహించుకుని రాసిన దత్తత నిబంధనల్లో ఇమడవు. 2024లో కోకాపేట ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, మహేశ్వరంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దాని విద్యార్థులు దత్తత తీసుకునే కుటుంబాల జాబితాలో కోకాపేట లేబర్ క్యాంపులను కూడా చేర్చాలి.