రంగము రేవు పటములలో మనవారు

మంగళవాడకు సముద్రము లేదు. చెరువు నిండిన యేడే మన సీమకు పండుగ. అట్టి యూరివారి సంచికలో ఓడరేవు ప్రసక్తి యేమని చదువరులు అడుగవచ్చును. పావగడ తాలూకాకు ఇంచుమించు అన్ని ప్రక్కలను ఆంధ్రదేశమే యున్నను, మనము కర్ణాటక రాష్ట్రమున తెలుగు మాటాడుచు బ్రతుకుచున్నవారము. తెలుగువారు పరభాషల నడుమ ఎట్లు నిలిచిరన్న ప్రశ్న మనకు పరాయిది కాదు. ఆ ప్రశ్నతోనే మేము రంగూను రేవు పాత ఛాయాచిత్రములను చూచితిమి.

ఉత్తర సర్కారులలో రంగూనును 'రంగము' అందురు. 1852లో ఆంగ్లేయులు ఆ పట్టణమును పట్టుకొనిన పిదప, బర్మా బియ్యపు వ్యాపారము పెరిగి కూలిజనము కావలసివచ్చెను. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలవారు కాకినాడ, విశాఖ, భీమునిపట్టణము రేవులలో ఓడలెక్కి, పైతట్టున ఎండకు వానకు ఓర్చుకొని సముద్రము దాటిరి. బర్మావారు వీరిని 'కోరంగీ' లనిరి. గోదావరి ముఖమున నుండిన కోరంగి రేవును 1839 నాటి తుపాను ముంచివేసెను. ఆ పేరు మాత్రము పరదేశీయుల నాలుకమీద నూరేండ్లు బ్రతికెను! రేవు పోయినను, ఆ రేవు పేరే ఒక జాతికి పేరైనది.

ఆ పట్టణపు పటములు తీసినవారిలో ఫిలిప్ అడాల్ఫ్ క్లియర్ అను జర్మను దేశీయుడు ముఖ్యుడు. ఇతడు 1880 ప్రాంతమున రంగూను చేరి, 1911లో మరణించెను. తరువాత అహూజా అను భారతీయుడు అమ్మిన రంగుల పోస్టుకార్డులు దేశదేశములకు పోయినవి. స్ట్రాండు రోడ్డు వెంబడి పెద్ద కట్టడములు, నదిలో ఆవిరి ఓడలు, వాని నడుమ సంపాను పడవలు, కలప అడితులలో దూలములు పేర్చు ఏనుగులు — ఇవి కొనువారు కోరిన దృశ్యములు. ఏనుగు పటములకు గిరాకి మెండు. బస్తా మోయువానికి అంత లేదు.

ఆ నాటి గాజు పలకలపై కదలుచున్న మనిషి స్ఫుటముగా పడుట కష్టము. కట్టడము నిలుచును, లంగరు వేసిన ఓడ నిలుచును. బరువుతో బల్లమీద నడచువాడు మసకబారును. కదలక నిలువబెట్టి తీసినప్పుడే కూలివాని మొగము తెలియును. అప్పుడైనను పటము క్రింద 'కూలీలు' అన్న మాటయే గాని వారి పేరుండదు, ఊరుండదు. ఓడకు మాత్రము పేరుండును. ఈ యొక్క సంగతియే మమ్ము ఎక్కువగా నొప్పించినది.

పటములో కనబడని వ్యవస్థ మరియొకటి కలదు. ఓడల కంపెనీ సరకు దించు గుత్తదారునకు, అతడు మేస్త్రీకి, మేస్త్రీ కూలికి డబ్బిచ్చు పద్ధతి యుండెను. ఊరిలో బయానా ఇచ్చి తెచ్చినవాడు గనుక మేస్త్రీ చేతిలో కూలి జుట్టు చిక్కియుండెను. 1933లో ఇ. జె. ఎల్. ఆండ్రూ రంగూనులోని భారతీయ శ్రామికులను గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. 1931 జనాభా లెక్కలలో ఆ పట్టణమున సుమారు 4 లక్షలమంది యుండగా, సగమునకు పైగా భారతీయులే.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు ఎక్కువ కూలి కోరి సమ్మె చేసిరి. గుత్తదారులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరి మనవారు మరలగానే బర్మీయులను పొమ్మనిరి. మే 26న రేవుకడ కలహము పుట్టి పట్టణమంతయు వ్యాపించెను. నూరుమందికి పైగా చనిపోయిరి, వారిలో మనవారే అధికులు. మా దృష్టిలో ఇది రెండు జాతుల సహజవైరము కాదు. ఇద్దరు పేదలను ఒకే కూలిమీద పోటీకి దింపినవారు వేరు.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. రేవు కూలీలు చెదిరిపోగా సరకు ఓడలలోనే నిలిచెను. 1942 మార్చిలో ఆంగ్లేయులు రేవును తామే ధ్వంసము చేసి వెడలిరి. ఓడ దొరకని లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. దారిలో మరణించినవారు వేలకు వేలు. ఆ నడకకు పటములు అరుదు. మిగిలినవారిలో పెక్కుమంది 1960ల జాతీయకరణము పిమ్మట తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట నేటికిని కలదు.

మన తాలూకా కుటుంబములలో పాత పెట్టెలు తెరచినచో, ఏ బెంగుళూరు మిల్లు ముందరనో, కోలారు గని ముందరనో నిలిచిన తాత పటము దొరకవచ్చును. దాని వెనుక సీసపుకడ్డితో పేరు, ఊరు, ఏడు వ్రాయుడు. తెలుగులో వ్రాసి, ప్రక్కన కన్నడమునను వ్రాయుడు. మన మనుమలలో కొందరికి ఆ లిపియే వచ్చును.