క్వార్టరు తాళంచెవి

బెంగాల్ నాగపూర్ రైల్వే గత శతాబ్దం ఆరంభంలో ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు నడపసాగినప్పుడు, శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల నుంచి మనవాళ్లు అదే కంపెనీ రైలెక్కి వచ్చారు. ఖలాసీగా చేరినవాడు కుదురుకోగానే తమ్ముణ్ణి పిలిపించుకున్నాడు, ఆ వెనక బావమరిదిని. మథురాకాటి, నీంపురా క్వార్టర్లలో తెలుగు వీధులు అలా మొలిచాయి.

ఈ నూరేళ్ల పైచిలుకులో ఇక్కడి తెలుగిళ్ల మంచిచెడ్డలన్నీ క్వార్టరు తాళంచెవి చుట్టూనే తిరిగాయని నా నమ్మకం. ఉద్యోగముంటే ఇల్లు, ఉద్యోగం పోతే నీడ కూడా పోయినట్టే. 1927లో వర్క్‌షాపులో మనుషుల్ని తీసేస్తుంటే కార్మికులు తిరగబడ్డారు; వాళ్ల వెంట నిలిచిన నాయకుల్లో మన వి.వి. గిరి ఒకరు. 1974 మేలో దేశమంతటా దాదాపు ఇరవై రోజులు రైల్వే సమ్మె. నాయకుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. జీతం రాని నెలలో బియ్యం డబ్బా రోజుకొక్కసారే తెరిచిన ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. నేను ముందు వాళ్లకే దణ్ణం పెడతాను.

మంచి రోజులూ వచ్చాయి. 1957లో రైల్వేలో పింఛను మొదలై, ముసలితనంలో చెయ్యి చాచాల్సిన భయం తగ్గింది. వేసవిలో పాసు మీద ఊరెళ్లి వచ్చేవాళ్లం. తిరుగు ప్రయాణంలో అమ్మ ఆవకాయ జాడీ మూతికి పాతచీర పేలిక బిగించి, గోనెసంచిలో దించి, బెర్తు కింద పెట్టి, రాత్రంతా కాలితో తడిమి చూసుకునేది. తెల్లారి ఖరగ్‌పూర్‌లో ఆ 1072 మీటర్ల ప్లాట్‌ఫారం మీద దిగగానే గోనె అడుగు తడిమేది. నూనె కారలేదు! అందులోంచి మొదటి గిన్నె పక్కింటి బెంగాలీ పిన్నికే వెళ్లేది. మా తెలుగువాళ్లు చేసుకునే మాతా పూజ రోజుల్లో ఆవిడా మాతోనే ఉండేది.

2004 నుంచి కొత్తగా చేరినవాళ్లకు పాత పింఛను లేదు. భద్రతా విభాగాల్లో తండ్రి ముందుగా విరమించి బిడ్డకు ఉద్యోగం ఇప్పించుకునే పథకం కొన్నేళ్లు నడిచి, 2018లో రద్దయింది. పిల్లలు హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్లిపోతున్నారు. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది 2020 డిసెంబరులో. మా వీధిలో తెలుగు చదవగల పిల్లలు బాగా తగ్గిపోయాక వచ్చిన ఆ కబురు విని సంతోషించాను, గుండె కలుక్కుమంది కూడా.

క్వార్టరు అప్పజెప్పిన రోజు నాన్న తాళంచెవి ఇచ్చేసి, పెరట్లోని మునగచెట్టు నుంచి ఒక కొమ్మ కొట్టి, తడిగోనెలో చుట్టి ఈ ఊళ్లోనే మలంచలో కొన్న ఇంటికి తెచ్చాడు. ఈ ఏడు కాపు పట్టింది.