వసపిట్టలూ వీధిబడులూ

ఎడతెరిపి లేకుండా మాట్లాడే బిడ్డను మనవారు వసపిట్ట అంటారు. ఆ మాటలోనే ఒక చిన్న చరిత్ర ఉంది. పసిబిడ్డకు మాటలు చక్కగా రావాలని వసకొమ్మును అరగదీసి నాలుకకు రాయడం పూర్వాచారం. తమిళులు ఆ కొమ్మునే వసంబు అంటారు. బిడ్డను పెంచేది అనే అర్థంలో ‘పిళ్ళై వళర్ప్పాన్’ అనీ పిలుస్తారు. నేటి వైద్యులు పసివారికి దానిని పట్టవద్దంటున్నారు కనుక ఆచారాన్ని అటుంచి, దాని వెనుకనున్న కోరికను గమనిద్దాం. మాట రావాలని ఇంత తపించిన పెద్దలమే, బిడ్డకు నాలుగైదేళ్ళు నిండేసరికి “కాసేపు నోరు మూసుకో” అని కసురుతున్నాం. అలసిన తల్లిదండ్రుల బాధ నిజమైనదే. అయితే కసరడానికి ముందు మన బడుల చరిత్రను ఒకసారి తిరగేయడం మంచిది.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను కోరాడు. మన ఉత్తర ఆర్కాడు జిల్లా కూడ అందులో ఉంది. 1826 నాటికి తేలిన లెక్క ప్రకారం బడులు 12,498, చదువుకునేవారు 1,88,650 మంది. ఆ నివేదికలన్నిటిలో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో పంపినది ప్రసిద్ధమైనది. తెలుగు, కన్నడ బడులను గూర్చి ఆయన రాసినది చదివితే వీధి అరుగు మీది బడి కళ్ళకు కడుతుంది. పిల్లవాడు ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పిస్తారు. ఉదయం అందరికంటె ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, రెండవవాడికి సున్న, మూడవవాడి నుంచి దెబ్బలు మొదలు. పిల్లలను చేతులు కట్టి దూలానికి వేలాడదీసే శిక్ష కూడ ఆ బడులలో ఉండేది. కనుక ఆ కాలాన్ని స్వర్గమని పొగడనక్కరలేదు. కాని ఒక్క సంగతి స్పష్టం: అక్కడ చదువుకు సాధనం నోరు. బడి పక్కగా పోయేవారికి బడి వినిపించేది.

చెన్నపట్టణంలో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ అంతకుముందే ఇసుకరాతను మన బడులలో చూశాడు. పిల్లలచేత పిల్లలకు చెప్పించే పద్ధతితో దానిని జోడించి, 1797లో లండనులో ఒక పుస్తకం వెలువరించాడు. అది ఇంగ్లండులో ‘మద్రాసు పద్ధతి’గా వ్యాపించింది. తోటివాడికి చెప్పడానికి నోరున్న పిల్లవాడు కావాలి. అటువంటివాడు ఆ పద్ధతిలో గురువుకు కుడిభుజం.

తరువాతి కాలంలో వరుస బల్లలు వచ్చాయి. ఉపాధ్యాయుడొక్కడే మాట్లాడి తక్కినవారు వినే తరగతి స్థిరపడింది. పిల్లల మాట అల్లరి కింద జమ అయింది. ఇంటి మాటకు కూడ తరగతిలో గౌరవం లేకపోయింది. గిడుగు వేంకట రామమూర్తి పంతులు (1863–1940) దీర్ఘకాలం పోరాడింది ఈ రెండవ అన్యాయం మీదనే. నోటిలో ఉన్న భాష పుస్తకంలోకి రావాలని ఆయన వాదించారు. అంతకుముందే సవర పిల్లలకు వారి నోటి భాషలోనే చదువు చెప్పే ప్రయత్నం చేశారు.

బిడ్డ తనలో తాను మాట్లాడుకోవడం చూచి కొందరు కంగారుపడతారు. 1923లో పియాజే ఆ మాటలను పరిశీలించి, ఎదుటివారి దృష్టి ఇంకా అలవడని దశగా భావించాడు. రష్యా పండితుడు వైగోత్‌స్కీ 1934లో వెలువడిన గ్రంథంలో మరొక విధంగా చెప్పాడు: ఆ పైకి మాటే క్రమంగా లోపలికి దిగి ఆలోచన అవుతుంది. అంటే బొమ్మలు పేర్చుతూ గొణిగే బిడ్డ ఆలోచించడం నేర్చుకుంటున్నదన్న మాట.

1939లో మద్రాసు అడయారుకు వచ్చి శిక్షణ తరగతులు నడిపిన మరియా మాంటిసోరి మౌనాన్ని సైతం ఆటగా మలిచింది. పిల్లలు కదలక మెదలక కూర్చుంటారు; దూరం నుంచి మెల్లగా తన పేరు వినబడినవారే లేచి వస్తారు. ఇది శిక్ష కాదు, వినడంలో సాధన. జపానులో కొబయాషి అనే ప్రధానోపాధ్యాయుడు, వేరొక బడి వద్దన్న ఒక చిన్నారి మాటలను తొలిరోజే నాలుగు గంటలపాటు విన్నాడు. ఆ పాప పెద్దదై 1981లో రాసిన పుస్తకమే మన తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది.

ఇక మన పొన్నై సంగతి. చిత్తూరు దగ్గర నీవా అనిపించుకున్న ఏరే ఇక్కడ పొన్నైయారై పాలారులో కలుస్తుంది. ఏటికి లేని హద్దు భాషకు వచ్చింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1953లో అది ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. 1960లో కొన్ని గ్రామాలు అటూ ఇటూ మారాయి. పొన్నై, గుడియాత్తం, రాయవేలూరు తమిళనాట నిలిచాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుంచి చెబుతున్నది. 2006 చట్టంతో తమిళం ఒకటవ తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం మన పిల్లలకు రావలసిందే. అది వారు పుట్టి పెరుగుతున్న నేల భాష. అయితే బడిలో తెలుగుకు చోటు తగ్గినకొద్దీ ఇల్లే దానికి బడి. ఆ ఇంట కూడ “నోరు మూయి” అంటే బిడ్డ తెలుగు ఎక్కడ మాట్లాడాలి?

కనుక రోజూ ఒక పావుగంట, పని పక్కన పెట్టి, బిడ్డ చెప్పేది చివరిదాకా వినండి. వినలేని వేళ “దీపం పెట్టాక చెప్పు, వింటాను” అని చెప్పి, ఆ మాట నిలుపుకోండి. మాంటిసోరి ఆటను ఇంట ఆడించండి. బడిలో జరిగినది తెలుగులో అవ్వకు చెప్పమనండి. వాడు చెప్పిన నాలుగు మాటలు తెలుగులో రాసి వాడిచేతనే చదివించండి. ఉపాధ్యాయ మిత్రులు అటువంటి బిడ్డకు చిన్న తరగతివారికి కథ చెప్పే పని అప్పగించవచ్చు. మాటతోపాటు నిద్ర, నిలకడ కూడ బాగా దెబ్బతింటే తిట్టక పిల్లల వైద్యుణ్ణి అడగాలి.

ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసిన బడులు మనవి. ముందుగా నోరు విప్పిన బిడ్డకు కూడ ఆ గౌరవం దక్కాలి.