ఎవరూ చూడని గుక్క

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మక్కా మసీదు వాకిట్లో రాతి పలకలు కాలిపోతున్నాయి. గేటు దగ్గరే చెప్పులు విప్పి చేత పట్టుకున్నారు కదా, ఇక నడక కాదు, గెంతులే. పావురాల గుంపు ఒక్కసారిగా లేచి, ఓ చుట్టు తిరిగి, మళ్ళీ గింజల మీదే వాలింది. హౌజు అనే నీళ్ళ కొలను గట్టు మీద పాతిక మంది దాకా వరసగా కూర్చుని, నమాజుకు ముందు చేసే శుద్ధి, వజూ చేసుకుంటున్నారు. ఓ మూల ఖాళీ ఉంది. మీరూ కూర్చోండి.

మార్చి నెల. రంజాన్ చివరి పది రోజులు. ఇక్కడున్నవాళ్ళు ఆఖరుసారి నీళ్ళు తాగింది తెల్లవారుజామున ఐదు దాటాక, ఉపవాసానికి ముందు తినే సహరి ముగిసే వేళకి. మళ్ళీ తాగేది సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో.

మీ పక్కనున్నాయనకి యాభై ఏళ్ళుంటాయి. దర్జీ. మెడలో టేపు అలాగే వేలాడుతోంది, వేళ్ళకు సుద్ద అంటుకుని ఉంది. చేతులు మణికట్ల దాకా మూడుసార్లు కడుక్కున్నాడు. పుడిసెడు నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి. పుక్కిట్లో నీళ్ళు అటూ ఇటూ తిరిగాయి. ఆయన గొంతు మీద కన్నేసి ఉంచండి. గుటక పడలేదు. ఉమ్మేశాడు. మళ్ళీ పుడిసెడు, మళ్ళీ ఉమ్మేశాడు. మూడోసారీ అంతే. మామూలు రోజుల్లో అయితే గొంతు దాకా పుక్కిలించేవాడు. రోజాలో, అంటే ఉపవాసంలో, అలా చెయ్యరు, చుక్క లోపలికి జారుతుందేమోనని.

ఒక్క గుక్క మింగి ఉంటే ఎవరికి తెలిసేది? పక్కనే కూర్చున్న మీకు తెలియదు. లోపల నమాజు చదివించే ఇమాముకు తెలియదు. సాయంత్రం ఆయనతో పాటు ఖర్జూరం అందుకునే భార్యకూ తెలియదు. నమాజు చేస్తే పక్క వరసవాడు చూస్తాడు. హజ్‌కు బయల్దేరితే వీధి వీధంతా దండలేసి పంపుతుంది. జకాత్ దానం ఇస్తే పుచ్చుకున్నవాడికైనా తెలుస్తుంది. రోజా మాత్రం పూర్తిగా మనిషికీ దేవుడికీ మధ్య లెక్క. మనిషి చేసే మంచిపనికి పది రెట్ల నుంచి ఏడువందల రెట్ల దాకా పుణ్యం రాస్తారనీ, ఉపవాసం మాత్రం తన కోసమే గనక దాని ప్రతిఫలం స్వయంగా తానే ఇస్తానని అల్లాహ్ అన్నాడనీ ప్రవక్త ముహమ్మద్ చెప్పారు. ఎందుకిలా అంటే, ఇందులో పైకి చూపించుకోవడానికి ఏమీ లేదు కాబట్టే అంటారు ధర్మపండితులు, ఉలేమాలు. దొంగతనంగా మింగే వీలుండీ మింగని ఆ గుక్కలోనే ఉంది ఈ నెల మహిమంతా.

అజాన్ అయింది. వరసలు కట్టారు. నమాజు ముగిశాక సగం మంది బజారుకు పరిగెత్తారు, మిగతా సగం చల్లటి స్తంభాల నీడకు చేరారు. 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టించిన ఈ కట్టడం 1694లో ఔరంగజేబు కాలానికి గానీ పూర్తికాలేదు. ఆ నీడలో కొందరు కండువా తలకింద పెట్టుకుని కునుకు తీస్తున్నారు. కొందరు రెహల్ పీట మీద ఖురాన్ తెరిచి, ముందుకీ వెనక్కీ ఊగుతూ సన్నగా చదువుతున్నారు. ఖురాన్ అవతరణ మొదలైంది ఈ నెలలోనే. ఏడాది పొడుగునా అల్మారా పైఅరలో ఉండే గ్రంథం రంజాన్‌లో కిందికి దిగుతుంది. ఉపవాసం విధిగా వచ్చింది హిజ్రీ రెండో ఏట, అంటే క్రీ.శ. 624లో. అంతకు ముందు సమాజాలకు విధించినట్టే మీకూ విధించామనీ, దానివల్ల మీలో దైవభీతి అలవడాలనీ ఖురాన్ రెండో సూరా చెబుతుంది. ఆకలి అక్కడ సాధనం, గమ్యం కాదు.

ఆ గమ్యం ఎంత దూరమో తెలియాలంటే దర్జీ వెంట పత్తర్‌గట్టీ సందులోకి రండి. ఆరడుగుల కొట్టు. మూడు మిషన్లు, పైకప్పు దాకా గుడ్డల గుట్టలు. పండగ వారం. కౌంటర్ మీద చెయ్యి వేసి ఓ కుర్రాడు నిలబడ్డాడు. "ఆజ్ దేతుఁ బోలే థే నా చాచా, షేర్వానీ కిదర్ హై?" ఇవాళ ఇస్తానన్న షేర్వానీ ఏదని గొంతు పెరుగుతోంది. సందులో జనం తిరిగి చూస్తున్నారు. దర్జీ దవడ బిగిసింది. నోటిదాకా వచ్చింది ఏదో. ఆగాడు. "రోజే సే హుఁ, బాబా" అన్నాడు మెల్లగా. ఎవరైనా తిట్టినా, తగవుకు దిగినా నేను ఉపవాసంలో ఉన్నానని చెప్పి ఊరుకోమన్నది ప్రవక్త నేర్పిన పద్ధతే. కుర్రాడూ తగ్గాడు. అతనూ రోజాలోనే ఉన్నాడు మరి.

అసలు పరీక్ష అప్పుడొచ్చింది. "అయితే ఎప్పుడు?" అని అడిగాడు. ఏ దర్జీ అయినా ఈ ప్రశ్నకి ఒకటే జవాబిస్తాడు: రేపు. ఆ మాట ఈయన నాలుక చివర సిద్ధంగా ఉంది, ముప్పై ఏళ్ళ అలవాటు. గుట్టవైపు ఓసారి చూశాడు. వేళ్ళమీద లెక్కేసుకున్నాడు. "పండగ ముందు రాత్రి, చాంద్ రాత్‌కే. అదీ పదకొండు దాటాక. అప్పటిదాకా రాకు, వచ్చినా దండగ" అన్నాడు. కుర్రాడికి నచ్చలేదు. గొణుక్కుంటూ వెళ్ళాడు. అబద్ధమాడటం మాననివాడు అన్నపానీయాలు మానినందువల్ల దేవుడికి ఒరిగేదేమీ లేదని హదీసు, అంటే ప్రవక్త మాట. పొద్దుటినుంచీ నోటికి నీళ్ళు దూరం పెట్టడం కన్నా ఆ ఒక్క 'రేపు' దూరం పెట్టడమే ఈయనకి కష్టమైందని మొహమే చెబుతోంది.

నాలుగయ్యింది. ప్రభుత్వోద్యోగులైన ముస్లింలకు ఈ నెలంతా ఓ గంట ముందే ఇంటికి వెళ్ళే వెసులుబాటు. మదీనా సెంటర్ వైపు ట్రాఫిక్ అప్పుడే ముద్దకట్టింది. ఇటుకల భట్టీల మీద హలీం డేగిశాలు. ఇద్దరు మనుషులు పొడవాటి కర్ర ఘోట్నాలతో గోధుమనీ మాంసాన్నీ కలిపి దంచుతున్నారు. నెయ్యి వాసన రోడ్డుకడ్డంగా నిలబడింది. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న హైదరాబాద్ హలీం ఇదే. దంచేవాళ్ళూ రోజాలోనే ఉన్నారు. ఉప్పు సరిపోయిందో లేదో నాలిక మీద వేసుకుని చూడరు. అంతా అందాజా.

ఆరుంపావుకల్లా మొఘల్‌పురా గల్లీలో దర్జీ ఇంట్లో ఉన్నాం. కింద దస్తర్‌ఖాన్ పరిచారు. ఖర్జూరాలు, కోసిన జామకాయ, పుచ్చముక్కలు, ఉల్లిపాయ తగిలించిన శనగపప్పు, దహీవడ, గ్లాసుల్లో ఎర్రగా షర్బత్. తొమ్మిదేళ్ళ మనవడు గోడకానుకుని వెక్కుతున్నాడు. మొదటి రోజా వాడిది. ఇంటినిండా చుట్టాలు వస్తారు, మెడలో పూలదండ వేస్తారు, రోజా కుషాయి చేస్తారని వారం నుంచీ ఎదురు చూశాడు. ఇందాక ఆడుకుని వచ్చి, అలవాటుగా కుండలో గ్లాసు ముంచి గటగటా తాగేశాడు. తాగాక గుర్తొచ్చింది. ఎవరూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. వాడే వచ్చి నానమ్మకి చెప్పుకుని ఏడుస్తున్నాడు.

"భూల్ కే పియే తో రోజా నై టూట్తా, బేటా" అంది ముసలమ్మ, వాడి తల దగ్గరికి లాక్కుని. మరచిపోయి తిన్నా తాగినా రోజా పోదు, అది దేవుడే తినిపించి తాగించినట్టు. ప్రవక్త మాటే అది. ఆవిడ దగ్గర వాడికి దొరికిన ఊరట ధర్మశాస్త్రంలో అక్షరాలా ఉంది. వాడు కళ్ళు తుడుచుకుని దస్తర్‌ఖాన్ దగ్గర తన చోటు చూసుకున్నాడు.

ఇంకా ఐదు నిమిషాలుంది. గదిలో మాటలు ఆగిపోయాయి. అందరి అరచేతులూ పైకి తెరుచుకున్నాయి. ఇఫ్తార్ ముందు చేసే దుఆ, ఆ వేడుకోలు, వెనక్కి పోదని నమ్మకం. తిండి జానెడు దూరంలో ఉంది, ఏ చెయ్యీ కదలదు. సైరన్ మోగింది. ఖర్జూరం నోట్లోకి వెళ్ళింది. మొదటి గుక్క గొంతు దిగుతుంటే దర్జీ కళ్ళు మూతపడ్డాయి. రోజాదారుకు రెండు సంతోషాలు అంటారు: ఒకటి ఇదిగో, ఉపవాసం విడిచే ఈ క్షణం. రెండోది తన ప్రభువును కలుసుకునే రోజు. రెండోదాని మాట ఎలా ఉన్నా, మొదటిదాన్ని మాత్రం మీరు ఇప్పుడు కళ్ళారా చూశారు.

కోడలు ఇంకా వంటగదిలోనే ఉంది. క్రోషియా అల్లిక కప్పిన పళ్ళెం ఒకటి పక్కింటికి పంపుతోంది. ఒకరి చేత ఇఫ్తార్ చేయిస్తే, ఖర్జూరం ముక్కతోనైనా సరే, వాళ్ళ రోజా పుణ్యంతో సమానమైన పుణ్యం మనకూ వస్తుంది, వాళ్ళదేమీ తరగదు. ఇంకో పళ్ళెం ఎదురింటి తెలుగువాళ్ళకి. వాళ్ళ అమ్మమ్మ కార్తీక సోమవారాలు నక్షత్రం కనపడేదాకా పచ్చి గంగ ముట్టదు. సైరన్ విలువేమిటో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు.

కోడలు ఈవేళ రోజాలో లేదు. నెలసరి రోజులు. రోగులకీ, ప్రయాణికులకీ, గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ ఉన్నట్టే ఆమెకీ మినహాయింపు ఉంది. పైగా ఆ రోజుల్లో ఉపవాసం పనికిరాదు. ఇంట్లో ఎవరూ అడగరు, ఆమె చెప్పదు. తప్పిపోయిన ఆ రోజుల్ని పండగయ్యాక ఎప్పుడైనా ఉండి తీర్చాలి. ఖజా అంటారు. ఆ లెక్క ఆమె మనసులో రాసుకుంది.

రాత్రి మసీదులో ఇషా నమాజు తర్వాత తరావీహ్, రంజాన్ రాత్రుల ప్రత్యేక నమాజు. ఇరవై రకాతులు. నాలుగింటికోసారి కాసేపు ఊపిరి తీసుకోవడం. ముందు నిలబడ్డ హాఫిజ్ ముప్పై పారాల ఖురాన్‌ని పుస్తకం చూడకుండా రాత్రికింత చొప్పున వినిపిస్తున్నాడు. వెనక వరసలో ఇంకో హాఫిజ్ చెవి ఒగ్గి ఉన్నాడు, ఒక్క అక్షరం తడబడితే అందివ్వడానికి. మీ పిక్కలు లాగుతున్నాయి. దర్జీ పొద్దుటినుంచీ మిషన్ తొక్కిన కాళ్ళతో కదలకుండా నిలబడి ఉన్నాడు.

మసీదులో ఓ మూల తెల్లటి పరదా కట్టి ఉంది. దాని వెనక ఒకాయన ఈ పది రోజులూ ఏతెకాఫ్‌లో ఉన్నాడు. ఇల్లూ వ్యాపారమూ వదిలి ఇక్కడే తిండీ, నిద్రా, జపమూ. పేటలో ఒక్కరు కూర్చున్నా పేటందరి బాధ్యత తీరినట్టే. ఆయన వెతుకుతున్నది షబే ఖదర్‌ని. వెయ్యి నెలల కన్నా, అంటే 83 ఏళ్ళ 4 నెలల కన్నా మిన్న అయిన రాత్రి. ఓ జీవితకాలం. అది ఏ తేదీయో ఎవరికీ ఖాయంగా తెలియదు. ఆఖరి పది రాత్రుల్లో బేసి రాత్రుల్లో వెతకమన్నారు. ఇరవై ఏడో రాత్రి మీద చాలామందికి గురి. ఆ తేదీ చెప్పడానికి ప్రవక్త బయటికి వచ్చారనీ, అదే సమయంలో ఇద్దరు వాదులాడుకుంటుంటే ఆ సంగతి మరుగున పడిపోయిందనీ హదీసు. షేర్వానీ కోసం పెరిగిన గొంతు అక్కడితో ఆగడం చిన్న విషయమేమీ కాదు.

దాచిపెట్టడం ఈ నెల స్వభావం. మసీదు మెట్లు దిగుతూ దర్జీ వాచ్‌మన్‌తో కరచాలనం చేశాడు. చేతి నుంచి చేతికి ఓ మడత నోటు మారింది. మీరు పక్కనే ఉండబట్టి చూశారు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత గుట్టుగా ఇచ్చే దానానికి గొప్ప విలువ. ఏడాదిపాటు నిలిచిన సంపద మీద నూటికి రెండున్నర చొప్పున తీసే జకాత్‌ని కూడా చాలామంది పుణ్యం హెచ్చుతుందని ఈ నెలలోనే లెక్కగట్టి ఇస్తారు. అది కాక ఫిత్రా. ఇంట్లో చంటిబిడ్డతో సహా తలకింత, రెండు కిలోలకు కాస్త తక్కువ గోధుమలు గానీ ఆ ధర గానీ, పండగ నమాజుకు ముందే పేదలకు చేరాలి. నెలంతా నోరు జారిన మాటలకు అది ప్రక్షాళన, లేనివాళ్ళ పొయ్యి మీదికి పండగ.

పండగ వెళ్ళాక వారానికి మళ్ళీ రండి. హలీం భట్టీల ఇటుకలు పీకేశారు. దీపాల తోరణాలు లేవు, సహరీకి లేపే మైకు లేదు. పొద్దున్నే ఇంటిల్లిపాదీ చాయ్‌లో బిస్కెట్ ముంచుకు తింటున్నారు. చాయ్ పోసి అందిస్తున్న కోడలు మాత్రం తాగడం లేదు. బాకీపడ్డ రోజాల్లో మొదటిది ఇవాళ మొదలుపెట్టింది. అవి తీరాక, రంజాన్ తర్వాత వచ్చే షవ్వాల్ నెల ఆరు రోజాలూ ఉంటుందట. రంజాన్‌కు ఆ ఆరూ కలిస్తే ఏడాదంతా ఉపవాసమున్నట్టేనని ప్రవక్త మాట. ముప్పై ఆరుని పదితో హెచ్చిస్తే చాంద్రమాన సంవత్సరం నిండిపోతుంది.

నగరమంతా కలిసి ఆకలితో ఉన్నప్పుడు ఆకలి తేలికవుతుంది, ఒకరి రోజాకి ఇంకొకరు ఊతం. ఇప్పుడు ఆమెకి ఆ ఊతం లేదు. ఎండ ముదిరింది. వంట చెయ్యాలి, వడ్డించాలి, మధ్యాహ్నం ఎవరూ లేని వంటగదిలో చల్లటి కుండ పక్కనే నిలబడాలి. ఈ రోజా సంగతి అత్తగారికి తప్ప ఎవరికీ తెలియదు. సాయంత్రం ఆమె కోసం సైరన్ మోగదు. అయినా రేపు పొద్దుటికీ ఆమె అలారం పెట్టుకుంది. రంజాన్ శుభాలు ఎవరికి అందాయో చూడాలంటే, ఇఫ్తార్ విందుల్లో కాదు, ఇక్కడ చూడాలి.